ఆదివారం భాషలోనే సోమవారం కబురు పంపండి

ప్రధానోపాధ్యాయురాలు సిస్టర్ గారికి, విచారణ గురువులు ఫాదర్ గారికి, తల్లిదండ్రుల కమిటీ పెద్దలకు

నమస్కారం.

నేను మీ బడి పాత విద్యార్థిని. ఇప్పుడు అదే బడిలో మూడో తరగతి చదువుతున్న అమ్మాయికి తాతను. ఉద్యోగం కాజీపేట రైల్వేలో, గూడ్సు బండి గార్డుగా చేశాను. పదవీ విరమణ చేసి పదేళ్లయింది. బడి పేరు ఇక్కడ రాయడం లేదు. వరంగల్ మేత్రాసనం, అంటే బిషప్ గారి ఏలుబడి కింద వరంగల్, హన్మకొండ, కాజీపేట త్రినగరిలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ ఇటువంటి బడులు చాలా ఉన్నాయి. చదివినవారు ఇది తమ బడి గురించేనని అనుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. మీకు మాత్రం వచ్చే పేరా చదవగానే తెలిసిపోతుంది.

ఈ మార్చిలో ఒంటిపూట బడులు మొదలైన రోజు. మధ్యాహ్నం పన్నెండున్నరకు గంట కొట్టారు. ఆటో పిల్లలు ఆటోల్లో, సైకిల్ పిల్లలు సైకిళ్ల మీద వెళ్లిపోయారు. ఒకటో తరగతి పాప ఒకతె మాత్రం వేపచెట్టు కింద గద్దె మీద ఉండిపోయింది. తల్లిదండ్రులు హైదరాబాదులో మేస్త్రీ పనికి పోయారు, పాప అమ్మమ్మ దగ్గర ఉంటుంది. అమ్మమ్మ ఎనుమాముల మార్కెట్ దగ్గర మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్తుంది. మార్చి అంటే మిర్చి రోజులు. ఏడాది మొత్తంలో ఆమె చేతిలో నాలుగు రూపాయలు ఆడేది ఆ రెండు మూడు నెలలే. ఎప్పటిలాగే ఆమె మూడున్నర దాటాక, చేతుల మంట చల్లారకముందే గబగబా నడుచుకుంటూ వచ్చింది. అంతవరకు పాపకు తోడు మన వాచ్‌మన్ ఒక్కడే. తన గిన్నెలోని పప్పన్నం సగం పెట్టాడట. ఆఫీసు గదికి తాళం. ఆమె ఫోను నంబరు ఆ తాళం వెనుక రిజిస్టరులో ఉంది.

నా మనవరాలు నీళ్ల సీసా మరిచిపోతే తీసుకుపోదామని నేను అప్పుడే వెళ్లాను. లేకపోతే ఈ సంగతి నాకూ తెలిసేది కాదు.

"ముందు రోజే ఫోనులో పంపామండీ" అన్నారు మరునాడు ఆఫీసులో. పంపిన మాట నిజమే. ఇంగ్లిషులో, బడి ముద్రతో, పైన నవ్వుతున్న పసుపుపచ్చ సూర్యుడి బొమ్మతో చక్కగా ఉంది. ఆమె చూసిందనడానికి సాక్ష్యంగా పక్కన రెండు నీలి గీతలు కూడా పడ్డాయి. ఆఫీసు అబ్బాయి వాటిని వేలు పెట్టి మరీ చూపించాడు. తరువాత ఆమెను అడిగాను. "చూశాను సారూ. సూర్యుడి బొమ్మ ఉంది కదా, ఉగాది వస్తోందని శుభాకాంక్షలు పంపారనుకున్నాను. మంచిదే అనుకుని ఫోను పక్కన పెట్టాను" అంది.

ఆ సూర్యుణ్ణి నేను మరిచిపోలేకపోతున్నాను. ఈ ఉత్తరం అందుకే.

అడిగేది ఒక్కటే. బడి నుంచి ఇంటికి వెళ్లే ప్రతి కబురూ తెలుగులో కూడా వెళ్లాలి. ఇంగ్లిషు తీసేయమనడం లేదు. మీడియం మార్చమనడం అంతకన్నా లేదు. ఫీజుల సంగతి ఈ ఉత్తరంలో ఎత్తను, అది వేరే తగువు.

నా ఉద్యోగపు బుద్ధితో ఒక మాట చెబుతాను, ఓపిక పట్టండి. రైల్వేలో కబురు పంపినవాడి పని పంపడంతో అయిపోదు. ఒక స్టేషన్ మాస్టరు అవతలి స్టేషన్‌తో లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి ఒప్పుదల, మాట్లాడినప్పుడు ఇద్దరూ ప్రైవేట్ నంబరు అనే గుట్టు అంకె ఇచ్చిపుచ్చుకుంటారు. చెప్పిన మాట అవతల చేరిందనడానికి అదే రుజువు. బండి కదిలేటప్పుడు గార్డు వెనుక నుంచి పచ్చజెండా ఊపుతాడు, ముందు ఇంజను నుంచి తిరిగి జెండా కనబడాలి. కనబడకపోతే నేను ఊపినట్టే లెక్క కాదు. కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఊరి పేరు తెలుగు లిపిలో కూడా ఉంటుంది. మైకులో ప్రకటన కూడా మూడు భాషల్లో వస్తుంది. రైల్వేవారికి తెలుగు మీద ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. ముసలామె ఒకతె డోర్నకల్ బండి ఎక్కబోయి బల్లార్షా బండి ఎక్కితే వచ్చే తంటా ఏమిటో వాళ్లకు తెలుసు, అంతే. మన బడి నీలి గీతలు చూసి తృప్తి పడుతోంది. ఆ గీతలు ఫోను తెరిచినట్టు చెబుతాయి కానీ మాట చేరినట్టు చెప్పవు.

ఫాదర్ గారూ, ఇప్పుడు మీతో కొంచెం మాట్లాడాలి. నేను క్రైస్తవుణ్ణి కాను. మాది భద్రకాళి గుడికి వెళ్లే ఇల్లు. అయినా మీ గుడి గోడను ఆనుకుని ఉన్న పెంకుటింట్లోనే నేను అక్షరాలు దిద్దాను. 1961లో ఒకటో తరగతిలో చేరాను. అప్పుడు ఆ బడి తెలుగు మీడియమే, మరో మీడియం ఉంటుందని మాకు తెలియదు. పక్కనే గుడి. కిటికీలోంచి పూజ వినిపించేది. అంతా లాటిన్. అర్థం కాకపోయినా రాగం బాగుండేది, మేము దాన్ని అనుకరిస్తూ గోలీలాడుకునేవాళ్లం. గుడిలో మోకరిల్లిన మా తోటి పిల్లల తల్లులకు కూడా ఆ భాషలో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదని అప్పట్లో మాకు తోచలేదు. నా అయిదో తరగతి అయిపోయేలోపే ఒక వింత జరిగింది. అదే కిటికీలోంచి, అదే ఫాదర్ గొంతు, తెలుగులో వినిపించింది. పెద్దయ్యాక తెలిసింది, 1962 నుంచి 1965 వరకు రోములో జరిగిన రెండవ వాటికన్ మహాసభ ఆ తలుపు తెరిచిందని, 1963 డిసెంబరు 4న వచ్చిన ఆరాధన విధాన పత్రంతో పూజలో మాతృభాషకు చోటు దొరికిందని. ఎన్నో వందల ఏళ్లుగా వస్తున్న లాటిన్‌నే మీ కతోలిక సభ జనం కోసం పక్కకు జరిపింది. దానితో పోలిస్తే మన ఫోను సందేశపు ఇంగ్లిషుకు వయసెంత? పదేళ్లు కూడా ఉండదు.

ఆ ఫాదర్ ఇటలీ దేశస్థుడు. ఆయనకు "ళ" పలికేది కాదు, "పెల్లి" అనేవారు. మేము కిసుక్కున నవ్వితే కోపగించకుండా మా నోటితో పలికించుకుని తాను మళ్లీ పలికి చూసుకునేవారు. సరిగ్గా పలికించిన పిల్లకు ఒక పిప్పరమెంటు. ఆ రోజుల్లో అలాంటివారు చాలామంది ఉండేవారు. 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడ్డాక తొలి మేత్రాణులు, అంటే బిషప్పు అయిన అల్ఫోన్సో బెరెట్టా గారు కూడా ఇటలీవారే, మిలాన్ నగరపు పీమే మిషనరీ సంఘం మనిషి. సముద్రాలు దాటి వచ్చినవారు మా ఎండల్లో కూర్చుని ఒత్తులు, గుణింతాలు నేర్చుకున్నారు. తెలుగు రాని సిస్టర్లు మన బడిలో ఉన్నారని, కేరళ నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చినవారికి తెలుగులో రాయడం కష్టమని అంటున్నారు. కష్టమే, కాదనను. వాళ్లను రాయమని కూడా అడగడం లేదు. తెలుగు టీచర్లు బడిలో ఉండనే ఉన్నారు. వాళ్ల చేత వారానికి నాలుగు వాక్యాలు రాయించుకోవడానికి మిలాన్ నుంచి ఎవరూ రానక్కర్లేదు.

మరి ఆదివారం మీరు చేసే ప్రసంగం తెలుగులోనే ఉంటుంది కదా. పాటలు తెలుగులో, ప్రార్థన తెలుగులో, చివర్లో చదివే ప్రకటనలు తెలుగులో. ఎవరి పెళ్లి పిలుపులు, ఏ వాడలో జపమాల, తపస్కాలంలో సిలువ మార్గం ఏ రోజు, అన్నీ తెలుగులోనే. అవే తల్లులు మరునాడు ఉదయం పిల్లల చేయి పట్టుకుని ఇరవై అడుగుల దూరంలోని బడి గేటు దగ్గరికి వస్తే వాళ్లతో ఇంగ్లిషు ఎందుకు? ఆదివారం వాళ్లకు అర్థం కావాలని ఉంటే సోమవారం కూడా ఉండాలి.

గేటు పక్కన మన గుహ ఉంది. మా చిన్నప్పుడు లేదు, తరువాత కట్టారు. లోపల లూర్దు మాత, ఎదురుగా మోకరిల్లిన బెర్నదెత్త. పరీక్షల ముందు అన్ని మతాల పిల్లలూ అక్కడ ఒక నిమిషం నిలబడతారు. మా మనవరాలు లెక్కల పరీక్ష రోజు రెండు నిమిషాలు నిలబడుతుంది. నేను ఆ కథ సిస్టర్ గారి దగ్గరే విన్నాను. 1858లో ఫ్రాన్సు కొండప్రాంతంలో బెర్నదెత్త పద్నాలుగేళ్ల పేదపిల్ల, చదువు రానిది, చలికి కట్టెపుల్లలు ఏరుకోవడానికి వెళ్లింది. ఆమెకు కనబడిన మాత ఆమెతో ఫ్రెంచిలో మాట్లాడలేదు. బడుల్లో, కచేరీల్లో చెలామణి అయ్యే ఆ భాష ఆ పిల్లకు సరిగా రాదు. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడే కొండ మాటలోనే మాట్లాడింది. అంతేనా, తనను "నువ్వు" అనకుండా "మీరు" అని గౌరవించి మాట్లాడిందని ఆ పిల్లే ఆశ్చర్యపోయి చెప్పింది. ప్రతిరోజూ ఆ బొమ్మ ముందు నుంచి నడుస్తూ, మిరపకాయల కూలి చేసే అమ్మమ్మకు అర్థం కాని కాగితం పంపుతున్నాం. సిస్టర్ గారూ, ఈ కథ చెప్పింది మీరే కాబట్టి కోపగించరనే ధైర్యంతో రాస్తున్నాను.

కబురు చేరకపోతే ఒక పూట ఎండలో కూర్చోవడమే కాదు, ఇంకా చిక్కులున్నాయి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర వేస్తారు. ఆల్బెండజోల్, 400 మిల్లీగ్రాములు, నమిలి మింగాలి. ఆ రోజు జ్వరంగా ఉన్న పిల్లలకు వేయకూడదు. మంచి పథకం, అవసరమైన పథకం. మీ నోటీసులో ఇవన్నీ ఉన్నాయి, నేను కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. కానీ వాడకట్టులో చేరింది ఒక్క ముక్కే: "బడిలో ఏదో మందు మింగిస్తారట." ఆ ఒక్క ముక్కతో మా వీధిలో ముగ్గురు తల్లులు పిల్లలను బడి మానిపించారు. మరొక తల్లి ఒళ్లు కాలుతున్న పిల్లవాణ్ణి పంపింది. క్లాసు టీచరు నుదుటిమీద చేయి వేసి చూసింది కాబట్టి సరిపోయింది.

తరువాత ఆపార్ కాగితం వచ్చింది. పిల్లవాడికి పన్నెండు అంకెల సంఖ్య ఇస్తారు, అందుకు తల్లి గానీ తండ్రి గానీ సమ్మతించి సంతకం చేయాలి. సమ్మతి అన్నాక దేనికి ఒప్పుకుంటున్నారో తెలియాలి కదా. గేటు దగ్గర ఆటో బానెట్ మీద కాగితాలు పరుచుకుని, ఆటో డ్రైవరు చూపించిన చోట వరుసగా సంతకాలు పెట్టారు. ఇద్దరు వేలిముద్రలు వేశారు. ఆ డ్రైవరుకు కూడా అందులో ఏముందో తెలియదు. నన్నడిగితే నేను పూర్తిగా చదివి చెప్పేసరికి ఆరు కాగితాలు సంతకాలై లోపలికి వెళ్లిపోయాయి.

ఇక తల్లిదండ్రుల సమావేశం. దాని గురించి ఎక్కువ చెప్పను. ముందు వరుసలో ఇంగ్లిషు వచ్చినవారు, వెనుక వరుసలో రానివారు. వెనుక వరుసవారు చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ముందు వరుస చూసి కొడతారు. పోయినసారి చప్పట్లు పడింది, గోడ దూకిన పిల్లల మీద చర్య తీసుకుంటామన్న మాటకు.

మాట భాష దాటేటప్పుడు ఏమవుతుందో మా ఇంట్లోనే ఒక ముచ్చట జరిగింది. ఈ జనవరిలో మేడారం జాతరకు వెళ్లొచ్చాం. మా ఆవిడ మొక్కు ఉంది, మనవరాలి ఎత్తు బంగారం సమర్పించింది. బడి తెరిచాక సెలవుల గురించి పది వాక్యాలు రాయమంటే పిల్ల ఇంగ్లిషులో నిజాయితీగా రాసింది, మా నానమ్మ నా బరువంత బంగారం దేవతలకు ఇచ్చింది అని. కేరళ నుంచి కొత్తగా వచ్చిన సిస్టర్ చదివి కంగారు పడ్డారు. పిల్ల ఇరవై ఒక్క కిలోలు. ఇరవై ఒక్క కిలోల బంగారం ఇచ్చే ఇంటివాళ్లు రెండో విడత ఫీజు ఎందుకు ఆపారని ఆమెకు అనుమానం రావడంలో తప్పు లేదు. మరునాడు మనవరాలు కాగితంలో చుట్టి కొంచెం "బంగారం" పట్టుకెళ్లింది. బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాక సిస్టర్ నవ్వారట. సమ్మక్క సారలమ్మల దగ్గర బెల్లాన్నే బంగారం అంటారని ఇప్పుడు ఆమె కొత్త టీచర్లందరికీ చెబుతున్నారు. నాకు ఆమె అంటే ఎంతో గౌరవం. అడిగి తెలుసుకున్నారు. మా వైపు తల్లులు సూర్యుడి బొమ్మ దగ్గర అడగలేకపోయారు, అడిగితే చదువు రాదని తేలిపోతుందన్న సిగ్గు.

"ఇంగ్లిషు మీడియం కావాలని వచ్చింది మీరే కదా" అని కమిటీలో ఒక పెద్దమనిషి అన్నారు. అవును, వచ్చాం. నా మనవరాలు ఇంగ్లిషులో గడగడ మాట్లాడాలని నాకూ ఉంది, మాట్లాడుతుంటే పక్కింటివాళ్లకు వినబడేలా మాట్లాడిస్తాను కూడా. పిల్లకు చెప్పే పాఠం ఒకటి, పిల్ల గురించి ఇంటికి చెప్పే మాట ఒకటి. 2022-23లో రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం మొదలుపెట్టినప్పుడు పాఠ్యపుస్తకాలనే రెండు భాషల్లో, ఎదురెదురు పేజీల్లో అచ్చువేసింది. పాఠానికే అంత వెసులుబాటు ఉన్నప్పుడు సెలవు నోటీసుకు లేకపోవడం ఏమిటి?

మరొకరు చట్టం తీశారు. విద్యాహక్కు చట్టం మైనారిటీ సంస్థలకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కమిటీలో తల్లిదండ్రులు ఇంతమంది ఉండాలన్న నియమం మనకు లేదు, అయినా మిమ్మల్ని పిలుస్తున్నామంటే అది మా మర్యాద అన్నారు. నాకు కావలసింది ఆ మర్యాదే. కోర్టుకు వెళ్లే ఓపిక నాకు లేదు, కోరికా లేదు. మీ వాటికన్ మహాసభే 1965 అక్టోబరు 28న ఆమోదించిన విద్యా ప్రకటనలో పిల్లలకు మొదటి బోధకులు, ముఖ్య బోధకులు తల్లిదండ్రులేనని చెప్పింది. మొదటి టీచరుకు తెలియకుండా రెండో టీచరు బడి నడిపితే ఎలా అన్నదే నా ప్రశ్న.

తెలుగులో రాస్తే మాత్రం అందరూ చదవగలరా, మిరపకాయల అమ్మమ్మకు తెలుగు అక్షరాలూ రావు కదా అని మీరు అనవచ్చు. రావు. కానీ మనవరాలికి వస్తాయి. 2018 చట్టంతో మన రాష్ట్రంలో ఏ బడి అయినా తెలుగు ఒక పాఠ్యాంశంగా చెప్పి తీరాలి, మన బడిలో బాగానే చెబుతున్నారు. ఇంగ్లిషు నోటీసును మూడో తరగతి పిల్ల కూడబలుక్కుని చదవగలదు, అర్థం చెప్పలేదు. అదే తెలుగులో ఉంటే పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మమ్మకు చదివి వినిపిస్తుంది, ఒకటో తరగతి పాప అయితే పక్కింటి అక్క చేత చదివించుకుంటుంది. తెలుగు వాచకం బయట తెలుగు చదవడానికి మన పిల్లలకు దొరికే చోటు అదొక్కటే అవుతుందేమో. ఒక టీచరు గొంతుతో అరనిమిషం మాట రికార్డు చేసి పంపినా చాలు, ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింటారు. ఫలానా రోజు నుంచి ఒంటిపూట, పన్నెండున్నరకు రండి. ఇంతే కదా చెప్పవలసింది.

అసలు కబురంటే నోటీసులే అన్నట్టు మాట్లాడుతున్నాను, అది నా పొరపాటు. పోయిన వార్షికోత్సవానికి మీరు వేసిన రంగుల సంచిక నా దగ్గర ఉంది. నున్నటి కాగితం, మంచి అచ్చు, మొత్తం ఇంగ్లిషు. అతిథులకు శాలువాలు కప్పే ఫొటోలే పదకొండు ఉన్నాయి, లెక్కపెట్టాను. ర్యాంకుల పట్టికలు ఉన్నాయి. వెతికినా కనబడనివి నాకు కొన్ని తోచాయి. ఇరవై రెండేళ్లు నర్సరీ పిల్లల ముక్కులు తుడిచి, చెప్పులు తొడిగి, ఏడ్చేవాళ్లను చంకనెత్తుకున్న ఆయమ్మ మోకాళ్ల నొప్పులతో జూన్‌లో పని మానేసింది. ఆమె పేరు ఎక్కడా లేదు. క్రీస్తు జయంతికి పశువుల పాక వేస్తారు కదా, దానికి గడ్డి ఏటా ఒక తండా నుంచి వస్తుంది. నాలుగో తరగతి పిల్లవాడి నాన్న మోటారు సైకిల్ మీద కట్టి తెస్తాడు. వెదురుబద్దలతో నక్షత్రం కట్టేది సెంటరులో పంక్చర్లు వేసే సాయిబు, ఆయన మనవలిద్దరూ మన బడిలోనే చదివారు. బతుకమ్మ సెలవులకు ముందు రోజు బడి ఆవరణలో పిల్లలు ఆడే బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు రైలు కట్ట పక్క నుంచి తెల్లవారుజామునే కోసుకొచ్చే తల్లులున్నారు. ఆ రోజు సిస్టర్లు కూడా వలయంలో చేరి, అడుగు తప్పుతూ, చప్పట్లు కొడుతూ తిరుగుతారు. నా కళ్లతో చూశాను. కరోనా వచ్చి 2020లో బడి మూసేసినప్పుడు ఇద్దరు సిస్టర్లు ఆటోలో బియ్యం సంచులు వేసుకుని వాడవాడా తిరిగారు, మా వీధిలో తీసుకున్నవాళ్లలో ఒక్క క్రైస్తవ ఇల్లూ లేదు.

ఇవీ మన బడి వార్తలు. వీటిని మోసినవాళ్లు చదవగలిగే భాషలో ఇవి ఎక్కడా నమోదు కాలేదు. శాలువాలు మాత్రం నమోదయ్యాయి.

మా కాలంలో గేటు దగ్గర ఒక నల్లబల్ల ఉండేది. ఉదయం ప్రార్థన తరువాత అయిదో తరగతి పిల్లలు వంతులవారీగా దాని మీద రాసేవారు. తేదీ, వారం, హాజరు: బాలురు ఇంతమంది, బాలికలు ఇంతమంది. కింద రెండు మూడు వార్తలు. నా వంతు వచ్చిన రోజు నేను రాసినవి ఇప్పటికీ గుర్తున్నాయి. "ఫాదర్ గారికి జ్వరం తగ్గినది. బావిలో పడిన మేకపిల్లను తీసినారు. రేపు సంత కనుక తొందరగా రావలెను." "తీసినారు"లో గుడి మరిచిపోతే మాస్టారు చెవి మెలిపెట్టారు. సాయంత్రం పనుల నుంచి వచ్చేవాళ్లు ఆగి చదివేవారు, చదువు రానివాళ్లు పక్కవాళ్లను అడిగేవారు. మేకపిల్ల ఎవరిదని నన్ను వారంపాటు అడిగారు.

ఆ బల్ల పోలేదు. పోయిన నెల వాచ్‌మన్‌తో కలిసి స్టోరు గదిలో చూశాను, విరిగిన బెంచీల వెనుక గోడకు ఆనించి ఉంది. చెదలు ఒక మూలనే తిన్నాయి. చట్రం గట్టిగానే ఉంది.

కమిటీ ఒక గంట కూర్చుని తేల్చుకోదగిన పని ఇది. తెలుగు టీచర్లలో ఎవరు రాస్తారు, ఫోనులో ఎవరు మాట్లాడి పంపుతారు, సమావేశంలో ముందు ఏ భాషలో మొదలుపెడతారు, సంతకం పెట్టించే కాగితాలను ఎవరు చదివి వినిపిస్తారు. చివరి పనికి నేను సిద్ధం. రోజూ మధ్యాహ్నం రెండు తరువాత ఖాళీయే. ఫోను నంబర్ల రిజిస్టరు నకలు ఒకటి వాచ్‌మన్ దగ్గర కూడా ఉంచండి, దీనికి కమిటీ కూడా అక్కర్లేదు. ఇక పిల్లల వార్తల సంగతి. నాలుగు, అయిదు తరగతుల పిల్లల చేత రాయించండి. తప్పులు దిద్దండి కానీ మేకపిల్లను మాత్రం కొట్టేయకండి.

బడి జూన్ 12న తెరుస్తారు. బల్లకు నల్లరంగు డబ్బా, బ్రష్షు కొనిపెట్టాను. వేపచెట్టుకు కట్టిన పాత ఇనుప తీగ ఇంకా ఉంది, దానికే వేలాడదీయవచ్చు. స్టోరు గది తాళం చెవి ఒక పూట ఇప్పిస్తే వాచ్‌మన్, నేను కలిసి బయటికి తెస్తాం. సుద్దముక్కలు కూడా నావే.

ఇట్లు,
మీ 1966 నాటి అయిదో తరగతి విద్యార్థి,
మూడో తరగతి పిల్ల తాత